మాట్లాడని అంగడి

ఆన్‌లైన్‌లో వీడియో గేములమ్మే అంగళ్ళ గురించి మీరు పోట్లాడుకోవడం నేను చూస్తూనే ఉంటాను. ఫలానా గేమును ఏడాదిపాటు ఒక్క అంగడికే రాసిచ్చేశారట, వీళ్ళు మనుషులేనా అని ఒకరంటారు. అంగడి మారితే నీ ప్రాణమేం పోయింది, ఇంకో బొమ్మ నొక్కి కొనుక్కో అని ఇంకొకరంటారు. పోట్లాడుకోండి, తప్పులేదు. వయసులో ఉన్నవాళ్ళకు చేతినిండా పని ఉండాలి. కానీ గేము తయారుచేసినవాళ్ళను మీరు తిట్టే తిట్లు చివరికి ఎక్కడికి పోయి పడతాయో ఎప్పుడైనా ఆలోచించారా? కొన్నేళ్ళపాటు అవి ఎమ్మిగనూరులో ఒక పత్తి విత్తనాల కొట్టు పైన, మేడగదిలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న ఒక ఆదోని ఆడమనిషి ఒళ్ళో పడ్డాయి. ఆ మనిషిని నేనే. ఇప్పుడు రిటైరయ్యాను కనుక, జరిగింది జరిగినట్టు చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

నేను మొదట టైపు నేర్పేదాన్ని. ఆదోనిలో ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల వేళ్ళు సరిచేశాను. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, కంప్యూటర్ల తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, మా ఇన్‌స్టిట్యూట్ ఉన్నచోట బిర్యానీ హోటలు వచ్చింది. అప్పుడు నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. టైపు లోయర్ పరీక్ష రెండుసార్లు తప్పిన ఘనుడు. మనసు ఒక అక్షరం దగ్గర ఉంటే వేలు మూడో అక్షరం మీద ఉండేది. ఎమ్మిగనూరులో వీడియో గేముల కంపెనీ పెట్టానని, ఆడేవాళ్ళు రాసే ఉత్తరాలకు ఇంగ్లీషులో జవాబులు రాసే మనిషి కావాలని చెప్పాడు. పని ఎట్లా ఉంటుందని అడిగాను.

“ఏముంది మేడమ్, వాళ్ళు తిడ్తారు, మీరు థాంక్యూ అనాల” అన్నాడు.

నా ఉద్యోగాన్ని అంతకన్నా నిజాయితీగా ఆ తర్వాత ఎవరూ వర్ణించలేదు. ఒప్పుకున్నాను.

కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. మొత్తం నలుగురం. యజమాని, బొమ్మలు వేసే అతను, ప్రోగ్రాము రాసే అమ్మాయి, నేను. ప్రోగ్రామరు అమ్మాయిదీ ఆదోనే. ఇద్దరం పొద్దున ఒకే బస్సు ఎక్కేవాళ్ళం. నన్ను ఆపా, అంటే అక్కా, అనేది. తక్కువ మాట్లాడేది, మాట్లాడితే మాత్రం ఎదుటివాళ్ళకు అన్నం సహించేది కాదు.

మేం చేస్తున్నది మగ్గం ఆట. ఆడేవాడు మగ్గం ముందు కూర్చుంటాడు. కాళ్ళ కింద పలకలు తొక్కుతూ, దారం మోసే నాడెను ఇటునుంచి అటు విసురుతూ, లయ తప్పకుండా నేయాలి. లయ తప్పితే పోగు తెగుతుంది. ఒక్కో ఘట్టంలో ఒక్కో డిజైను. ఎమ్మిగనూరు నేతకు పేరున్న ఊరు కనుక శబ్దాల కోసం ఎక్కడికీ పోవలసిన పని లేకపోయింది. పక్క వీధిలో ఒక ముసలి నేతాయన ఇంట్లో మూడు రోజులు కూర్చుని మగ్గం చప్పుడంతా రికార్డు చేసుకున్నాం. మూడో రోజున ఆయన మా యజమానిని ఒక్కటే అడిగాడు.

“నిజం మగ్గం నేసేకి మనుషులు దొరక్క నేను ఏడుస్తాంటే, ఉత్తుత్తి మగ్గం నేసేకి జనం దుడ్డిచ్చి కొంటారా నాయనా?”

మా యజమాని వినబడనట్టు, ఇంకొక్కసారి మగ్గం ఆడించమని అడిగాడు.

గేము సగంలో ఉండగా, రుచి చూడటానికని మొదటి నాలుగు డిజైన్లు ఉచితంగా విడుదల చేశాం. వారం తిరక్కముందే పత్తికొండ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన అక్కడి ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచరు. తనకు చూపు లేదని, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరుతో కంప్యూటరు వాడతానని, మా గేమును కేవలం చెవితో మూడు డిజైన్ల దాకా ఆడానని రాశాడు. నాలుగోదానిలో మాత్రం కుడివైపు నుంచి నాడె చప్పుడు ఆలస్యంగా వస్తోందని, అందుకే పోగు తెగుతోందని, అది తన తప్పు కాదని గట్టిగా చెప్పాడు. ప్రోగ్రామరు అమ్మాయి చూసింది. నిజమే. కళ్ళున్న నలుగురం ఆరు నెలలుగా ఆ తప్పు మీదే కూర్చుని ఉన్నాం.

అప్పటినుంచి ఆయన వారానికో ఉత్తరం రాసేవాడు. ఒక ఆదివారం ఆయనే వస్తే నేతాయన దగ్గరికి తీసుకుపోయాం. టీచరు మగ్గం కొయ్య మీద చెయ్యి పెట్టి అరగంట కదలకుండా విన్నాడు. మధ్యలో ఒకసారి, ఇప్పుడు ఎడమ అంచు దగ్గర పోగు తెగింది కదా అన్నాడు. నేతాయన మగ్గం ఆపి, తెగిన పోగు చూసుకుని, మావైపు తిరిగాడు. “కండ్లుండే మీరు మూడు దినాలు పట్టించినారు. ఈ సారు ఒక్క తూరి ఇని సెప్పినాడు” అన్నాడు. మేం నలుగురం చెప్పుల వైపు చూసుకున్నాం.

ఆ తర్వాత ప్రోగ్రామరు అమ్మాయి గేమునంతా మళ్ళీ విప్పి కట్టింది. మొదటినుంచి చివరిదాకా తెర వైపు చూడకుండా చెవితోనే ఆడగలిగేట్టు చేసింది. మా గేములో గొప్పగా చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అదొక్కటే. టీచరు ద్వారా చుట్టుపక్కల చూపులేనివాళ్ళకు తెలిసింది. హాలహర్వి నుంచి ఒకరు, గూడూరు నుంచి ఇద్దరు, తర్వాత మాకు తెలియని దేశాల నుంచి కూడా ఉత్తరాలొచ్చాయి. ప్రపంచంలో సగం మంది గేములు కొనే పెద్ద అంగడి ఒకటుంది కదా, దానిలో మా గేము పేజీ తెరిచాం. ఆ పేజీ మీద వాక్యం నేనే రాశాను. ‘చూడగలిగినవారికీ, చూడలేనివారికీ, అందరికీ ఒకే రోజు విడుదల.’ రాసి, నా వాక్యాన్ని నేనే నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయాను.

సరిగ్గా అప్పుడు కొత్త అంగడి వచ్చింది.

న్యాయంగా చెప్పాలి. పెద్ద అంగడి పుణ్యక్షేత్రమేమీ కాదు. అమ్మిన ప్రతి గేములో పెద్ద ముక్క కోసుకునేది. చిన్నవాళ్ళు మొరపెట్టుకుంటే వినేది కూడా కాదు, ఎందుకంటే దానికి పోటీ లేదు. కొత్త అంగడి తక్కువ కోసుకుంటానంది. మంచిదే. కానీ కొత్త అంగడికి జనం ఊరికే రారు కదా. అందుకని గేములు చేసేవాళ్ళకు ముందుగా ఒక మొత్తం ఇచ్చి, విడుదలైన రోజు నుంచి ఏడాదిపాటు మా దగ్గర తప్ప ఇంకెక్కడా అమ్మకూడదు అని కాగితం రాయించుకునేది. ఇదేదో కంప్యూటర్ల కాలంలో పుట్టిన విద్య అని మీరు అనుకుంటున్నారేమో. మా యజమాని నాయన గూడూరు దగ్గర వేరుశెనగ పండించేవాడు. ఆదోనిలో ఒక మండీ ఆయనకు విత్తనాలకు అడ్వాన్సు ఇచ్చి, పంటంతా తన దగ్గరికే తోలించుకునేది. పక్క మండీలో మంచి ధర పలుకుతున్నా ఆ గడప తొక్కడానికి లేదు. ఆయన బతికినంతకాలం ఆ మండీని తిడుతూనే బండి తోలాడు.

కొత్త అంగడి ప్రతినిధి వీడియో కాల్‌లో వచ్చాడు. వెనక ఏపుగా పెరిగిన కుండీ మొక్కలు. చాలా మర్యాదస్తుడు. అరగంటలో మనమంతా ఒక కుటుంబం అని ఐదుసార్లు అన్నాడు. ఎమ్మిగనూరు పేరును మూడు రకాలుగా పలికాడు, మూడూ తప్పే. ప్రోగ్రామరు అమ్మాయి అప్పటికే వాళ్ళ అంగడిని తన కంప్యూటర్లో పెట్టుకుని, తెర చదివే సాఫ్ట్‌వేరుతో తెరిచి చూసింది. ఏ అంగడిలోనైనా ఆ సాఫ్ట్‌వేరు ‘గేము పేరు ఇది, ధర ఇది, కొను బటన్ ఇది’ అని చదువుతుంది. కొత్త అంగడిలో మాత్రం వరసగా ‘బటన్, బటన్, బటన్’ అని తప్ప ఇంకేమీ చదవలేదు. ఏ బటన్ దేనికో కట్టినవాళ్ళు లోపల రాయలేదు. ఆ సంగతి ఆమె అడిగితే, అది మా రోడ్డుమ్యాపులో ఉందన్నాడు ప్రతినిధి. మ్యాపులో ఆదోని, ఎమ్మిగనూరు రోడ్డు కూడా చాలా నున్నగా ఉంటుంది. దాని మీద రోజూ బస్సులో పోయి వచ్చే నడుము నాది.

కాల్ అయ్యాక యజమాని తలుపేసి అందరి మాటా అడిగాడు. గేము పూర్తిచేయడానికి ఇంకో ఏడాది పడుతుంది, అంతదాకా కంపెనీ నిలబడాలంటే ఇది తప్ప దారి లేదన్నాడు. అది నిజమే. ప్రోగ్రామరు అమ్మాయి వద్దంది. ఈ గేమును చెవితో సరిచేసినవాళ్ళే దీన్ని కొనలేకపోతే మనం చేసిన పనికి అర్థమేమిటంది. అదీ నిజమే. మీ నాయన మండీ సంగతి మర్చిపోయావా అని కూడా అడిగింది.

“మా నాయన కాగితం సదవకుండా ఏలిముద్ర ఏసినాడు. నేను సదివి సంతకం పెడ్తాండా. అదే తేడా” అన్నాడు యజమాని.

బొమ్మలాయన రంగులు కలుపుకుంటూ మీరెట్లంటే అట్లనే అన్నాడు. ఇక మిగిలింది నేను. ఇక్కడ నేను సూక్తులు చెప్పొచ్చు, కానీ చెప్పను. నాకప్పటికి యాభై ఎనిమిది దాటాయి. కంపెనీ మూతపడితే మళ్ళీ ఎవరూ పిలవరు. పొద్దున టిఫిన్‌బాక్సు కట్టుకుని బస్సెక్కే అలవాటు, కిటికీ పక్క కుర్చీ, నెల పొడవునా ఎక్కడెక్కడి దేశాల మనుషులో నన్ను తిట్టే గౌరవం, ఇవన్నీ పోతాయి. సరే అన్నాను. ఆ సాయంత్రం బస్సులో అమ్మాయి నా పక్కన కాకుండా రెండు వరసల వెనక కూర్చుంది.

ప్రకటన రాసే పని సహజంగా నాకే పడింది. ‘మీ అందరితో ఒక సంతోషకరమైన వార్త పంచుకుంటున్నాం’ అని మొదలుపెట్టాను. ఏ కంపెనీ అయినా అట్లా మొదలుపెడితే మీకు ఏదో పోబోతోందని అర్థం చేసుకోండి. పెద్ద అంగడిలో మా పేజీ మూసేశాం. దానితోపాటు నా వాక్యమూ పోయింది.

ఆ తర్వాత వాన మొదలైంది. ఒకాయన స్వేచ్ఛావిపణి మరణం గురించి ఎనిమిది పేజీలు రాశాడు. తన దగ్గర కొని ఇంతవరకూ తెరవని గేములు ఏడువందలున్నాయని అందులో ఆయనే ఒప్పుకున్నాడు. ఇంకొకాయన మేం ఆయన బాల్యాన్ని అమ్ముకున్నామన్నాడు. మా గేము గురించి ఆయన విన్నది ముందురోజే. పనిచేసేవాళ్ళు కూడా అన్నం తినాలి కదా అని మా తరఫున మాట్లాడినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు మమ్మల్ని తిట్టేవాళ్ళను అంతకన్నా ఘోరంగా తిట్టారు. నేను ముందే రాసిపెట్టుకున్న జవాబులకు నంబర్లు వేసుకున్నాను. కోపంగా ఉన్నవాళ్ళకు ఒకటి. బాగా కోపంగా ఉన్నవాళ్ళకు రెండు. మా అమ్మ ప్రస్తావన తెచ్చినవాళ్ళకు మూడు. కొత్త అంగడిలో ఎట్లా కొనాలని అడిగేవాళ్ళకు ఏడు. ‘చాలా సులభం. తెర మీద మా గేము బొమ్మ కనబడుతుంది. దాన్ని నొక్కితే చాలు.’

గంటకు అరవై ఉత్తరాలకు జవాబిచ్చేదాన్ని. టైపు టీచర్ని కదా, వేగం నా గర్వం. ఆ వేగంలోనే పత్తికొండ నుంచి రెండు వాక్యాల ఉత్తరం ఒకటి వచ్చి పోయింది. ‘మేడమ్, కొత్త అంగడి మాట్లాడుతుందా? నేను కొనగలనా?’ చివరి మాట ఒక్కటే నా కంటికి ఆనింది. రాసినవాళ్ళ పేరు చూడలేదు. ఏడో నంబరు పంపాను. ఆయన మళ్ళీ రాయలేదు. వారానికో ఉత్తరం రాసే మనిషి నెలరోజులు, రెండు నెలలు రాయకపోయినా నేను గమనించలేదు. ప్రోగ్రామరు అమ్మాయి ఒకసారి అడిగింది, సారు దగ్గర్నుంచి ఉత్తరాలు రావడం లేదేమని. బళ్ళో పరీక్షల కాలమేమో అన్నాను.

ఏడాదికి గేము విడుదల రోజు రానే వచ్చింది. మేడగదికి రంగుకాగితాలు కట్టాం. కింద విత్తనాల కొట్టాయన కూడా వచ్చి, ఇది ఏ కంపెనీ విత్తనమో అర్థంకాకపోయినా మొలకెత్తాలని దీవించాడు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించాం. పదకొండు గంటలకు ప్రతినిధి వీడియో కాల్‌లో అభినందనలు చెప్పాలి. మా యజమాని కొత్త చొక్కా వేసుకొచ్చాడు, కాలరు వెనక అంగడివాడి చీటీ ఇంకా అట్లే ఉంది.

పదిన్నరకు మెట్ల మీద చేతికర్ర చప్పుడు వినబడింది. టీచరు. పత్తికొండలో బస్సెక్కి, ఆదోనిలో మారి, ఒక్కడే వచ్చాడు. భుజాన ల్యాప్‌టాప్ సంచి. అభినందించడానికి సెలవు పెట్టి వచ్చాడనుకుని అందరం ఎదురుపోయాం. యజమాని కౌగిలించుకున్నాడు. ఆయన కూర్చుని, నింపాదిగా ఒక బజ్జీ తిని, చేతులు తుడుచుకుని, నా గొంతు వినబడినవైపు తిరిగాడు.

“మేడమ్, మీ జవాబు అందింది. బొమ్మ కనబడతాది, దాన్ని నొక్కమని రాసినారు. యాడుందో సూపిస్తారేమోనని వచ్చినా” అన్నాడు.

గొంతులో కోపం లేదు. వెటకారం కూడా లేదు. అదే ఎక్కువ బాధించింది. నేను కంప్యూటరు దగ్గరికి పోయి పాత ఉత్తరాలు వెతికాను. ఆయన రెండు వాక్యాలు, కింద నా ఏడో నంబరు. ప్రోగ్రామరు అమ్మాయి నా భుజం మీదుగా చదివింది.

టీచరు ల్యాప్‌టాప్ తెరిచి, చెవిలో పెట్టుకునే తీగ తీసేసి, గదిలో అందరికీ వినబడేట్టు శబ్దం పెంచాడు. అంగడి తెరుచుకుంది. ‘బటన్. బటన్. బటన్. లింక్. బటన్.’ ఒక్కొక్కటే నొక్కుతూ పోయాడు, పరీక్ష హాల్లో పేపర్లు పంచినంత ఓపిగ్గా. ఐదో బటన్ నొక్కితే ఎవరో తుపాకులతో కాల్చుకునే గేము కొనబోయేవాటి సంచిలో పడింది. దాన్ని తీయడానికి బటన్ దొరకలేదు. పదమూడోది నొక్కాక ఆగిపోయి, భాష మారిందన్నాడు. ఆ తర్వాత అంగడి మాకెవరికీ తెలియని ఏదో భాషలో బటన్, బటన్ అనడం మొదలుపెట్టింది. బొమ్మలాయనకు నవ్వొచ్చింది. ఆపుకోలేక వరండాలోకి పోయాడు. వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నవ్వితే అంత ఎర్రబడవు.

సరిగ్గా పదకొండుకు కాల్ వచ్చింది. పెద్ద తెర మీద ప్రతినిధి, వెనక మొక్కలు ఇంకా ఏపుగా. కుటుంబం అనే మాటతో మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి, మీవైపు ఏదో చప్పుడు వస్తోంది, ప్రతిధ్వనా అని అడిగాడు. మా యజమాని టీచరు వైపు చూశాడు, తెర వైపు చూశాడు. తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో మెల్లగా, అది ప్రతిధ్వని కాదు సార్, అది మీ అంగడి మాట్లాడుతోంది అన్నాడు.

ప్రతినిధి టీచరుతో నేరుగా మాట్లాడాడు. మీ మాట మేం వింటున్నాం, మీలాంటివారి మాట మాకు చాలా విలువైనది అన్నాడు. టీచరు మంచి ఇంగ్లీషులో ధన్యవాదాలు చెప్పి, మీరు నా మాట వింటే సరిపోదు, మీ అంగడి మాట నాకు వినబడాలి కదా అన్నాడు. ప్రతినిధి మళ్ళీ రోడ్డుమ్యాపు తీశాడు. ఎప్పటికి అని ప్రోగ్రామరు అమ్మాయి అడిగింది. అప్పుడు ఆయన ఇంటర్నెట్టు పాడైంది.

గదిలో ఉగ్గాని చల్లారిపోతోంది. నేను టీచరు ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మీ ఉత్తరం పూర్తిగా చదవలేదు సార్, పేరైనా చూడలేదు, తప్పు నాది అన్నాను. ఇన్నేళ్ళలో వేల ఉత్తరాల్లో క్షమించండి అని టైపు చేసిన వేళ్ళు నావి. నోటితో అనడం అదే మొదటిసారి.

“పిల్లోల జవాబులు ఎవరో ఒకరు సదివి ఇనిపిస్తే నేను మార్కులేస్తా మేడమ్. సగం ఇని మార్కులేసిన దినాలు నాకూ ఉండాయి” అన్నాడాయన. “అందుకే ఇంటికాడ కూచోని కోపగించుకోకుండా బస్సెక్కినా.”

యజమాని గేమును ఒక పెన్‌డ్రైవులో వేసి ఆయన చేతిలో పెట్టబోయాడు. టీచరు తీసుకోలేదు.

“నాకొకనికి దొడ్డిదారిన ఇస్తే నేను మీకు సుట్టాన్నయితా సార్. హాలహర్విలో ఉండేటోడు ఏమి కావాల?”

అప్పుడు, సంతకం పెట్టిన ఏడాది తర్వాత, మా యజమాని ఒప్పందం కాగితాలు బయటికి తీశాడు. నలభై పేజీలు. చదివి సంతకం పెట్టిన మనిషి అందులో మూడో పేజీ దాటి పోలేదని ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది. నేనూ అమ్మాయీ చెరి సగం పంచుకున్నాం. ఆదోనిలో దస్తావేజు లేఖరులకు ఎన్నో ఒప్పందాలు టైపు చేసిపెట్టాను. అసలు సంగతి ఎప్పుడూ అక్షరాలు చిన్నవైపోయే చోట ఉంటుందని నాకు తెలుసు. ముప్పైరెండో పేజీలో దొరికింది. గేమును ఇంకెక్కడా అమ్మకూడదు, ఎవరికీ బహుమతిగా ఇవ్వకూడదు. కానీ కంపెనీ తన సిబ్బందికీ, లోపాలు వెతికే పరీక్షకులకూ పని నిమిత్తం నేరుగా ఇచ్చుకోవచ్చు. ఎంతమందికి అన్నది రాయలేదు. వాళ్ళ లాయర్లకు తట్టలేదు. పాపం, ఏ కంపెనీ అయినా పరీక్షకులను ఇష్టపడి పెంచుకుంటుందని ఎవరు మాత్రం ఊహిస్తారు?

అయితే ఉద్యోగంలోకి తీసుకుందాం అన్నాను. ఎవర్ని అని యజమాని అడిగాడు. చూపులేనివాళ్ళలో అడిగినవాళ్ళందర్నీ అన్నాను.

ఆ మధ్యాహ్నమే మొదటి నియామకపత్రం టైపు చేశాను. గౌరవ పరీక్షకుడు. జీతం లేదు. నెలకొక నివేదిక పంపాలి. గేముతోపాటు, గేమును చేరుకునే దారిలో ఎదురయ్యే ప్రతిదాన్నీ పరీక్షించడం విధి. ఆ చివరి వాక్యం ప్రోగ్రామరు అమ్మాయి చేర్పించింది. సర్కారు ఉద్యోగికి ఇంకో ఉద్యోగం చెల్లదేమో అని యజమాని భయపడితే, గౌరవం ఎక్కువైందని ఇంతవరకూ ఏ టీచర్నీ సస్పెండు చేయలేదులే అన్నాడు టీచరు. అంతకుముందు మాకు ఉత్తరాలు రాసిన చూపులేనివాళ్ళకు కబురు పెడితే, ఆ సాయంత్రానికి పంతొమ్మిది పత్రాలయ్యాయి. తిరుగు బస్సులో అమ్మాయి నా పక్కన కూర్చుని, టిఫిన్‌బాక్సులో మిగిలిన బజ్జీ ఒకటి నాకిచ్చింది.

రెండు నెలల్లో నలుగురు మనుషుల కంపెనీకి రెండువందల మందికి పైగా పరీక్షకులు తయారయ్యారు. ఎనిమిది పేజీల స్వేచ్ఛావిపణి ఆయన కూడా దరఖాస్తు పెట్టాడు. చూపున్నదని తేలి తీసుకోలేదు. చివరికి ఆయన మా ఎత్తు బాగుందని మెచ్చుకుని, పోయి కొత్త అంగడిలోనే కొనుక్కున్నాడు.

మూడో నెలలో కొత్త అంగడి లాయర్ల నుంచి ఉత్తరం వచ్చింది. మీరు ఒప్పందాన్ని ఉల్లంఘించారని మా దృష్టికి వచ్చింది, ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి ఇవ్వాల్సి ఉంటుంది అని. అడ్వాన్సు అప్పటికే మా నలుగురి ఇళ్ళలో అన్నమై అరిగిపోయింది. వెనక్కి అడిగితే కంపెనీ ఆరోజే మూత. యజమాని రెండు రోజులు సరిగా తినలేదు. పరీక్షకులను తీసేద్దామా మేడమ్ అని నన్ను మెల్లగా అడిగాడు. ఏడాది కిందటైతే సరే అనేదాన్నేమో. ఈసారి, జవాబు నేను రాస్తాను, ఆ తర్వాత కూడా నీకు భయమేస్తే అప్పుడు తీసేయ్ అన్నాను.

నంబర్లేవీ వాడకుండా, ఒక రోజంతా కూర్చుని జవాబు రాశాను. ఎంత మర్యాదగా రాశానంటే చదువుతుంటే నాకే భయమేసింది. నియామకపత్రాలన్నీ జతచేశాను. వాటితోపాటు పరీక్షకుల నివేదికలన్నీ. వాటిలో సగం మా గేము గురించి. మిగతా సగం వాళ్ళ అంగడి గురించి. ఏ పేజీలో ఏ బటన్ మూగదో, దేన్ని నొక్కితే ఎక్కడ తేలతామో, వాళ్ళ సొంత ఇంజినీర్లకు కూడా తెలియనంత వివరంగా రెండువందల మంది రాశారు. మీ అంగడి లోపాలను మా సిబ్బంది ఇంత శ్రమపడి కనిపెట్టినందుకు మీ నుంచి మేం ఏమీ ఆశించడం లేదు అని ముగించాను.

మూడు వారాలు అక్కడినుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ మూడు వారాలూ యజమాని ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. నాలుగో వారం ప్రతినిధి ఫోను చేశాడు. లాయర్ల సంగతి ఎత్తలేదు. మీ పరీక్షకుల అధిపతితో మా ఇంజినీర్లు మాట్లాడాలనుకుంటున్నారు అన్నాడు. మాకు అట్లాంటి పదవి లేదు. ఐదు నిమిషాల్లో టైపు చేసి టీచరుకు ఇచ్చాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆదివారం ఆదివారం ఆయన పత్తికొండలో తన ఇంట్లో కూర్చుని, పెద్ద పెద్ద జీతాలవాళ్ళకు బటన్లకు పేర్లు పెట్టడం నేర్పాడు. వాళ్ళతో సర్దుకోవడం తొమ్మిదో తరగతితో కన్నా సులభమని, మధ్యలో బాత్రూముకు పోతామని అడగరని చెప్పేవాడు.

అంగడి చివరికి మాట్లాడింది. మాతో ఒప్పందం గడువు తీరడానికి నెల ముందు. అందరినీ కలుపుకుపోవడం మొదటినుంచీ తమ సిద్ధాంతమని వాళ్ళు పెద్ద ప్రకటన ఇచ్చుకున్నారు. అందులో పత్తికొండ పేరు లేదు. గడువు తీరాక మా గేము పెద్ద అంగడికీ పోయింది. జన్మలో కొనమని ఒట్టు పెట్టుకున్నవాళ్ళలో చాలామంది తగ్గింపు ధర పెట్టగానే కొన్నారు. ఆ ఒప్పందం వల్లే కంపెనీ బతికిందని మా యజమాని ఇప్పటికీ అంటాడు. అది చేయకూడని పని అని ప్రోగ్రామరు అమ్మాయి ఇప్పటికీ అంటుంది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని రెండో గేము చేస్తున్నారు. ఇద్దరిలో ఎవరిది తప్పని నన్ను అడగకండి. ఒకరి మాట ప్రకారం జీతం తీసుకున్నాను, ఇంకొకరి మాట వల్ల నిద్ర పోగొట్టుకున్నాను.

నేను రిటైరయ్యే వారంలో టీచరు నుంచి ఒక నివేదిక వచ్చింది. అంగడి మాట్లాడిన రోజునే ఆయన మా గేమును సొంత డబ్బుతో కొన్నాడట. అప్పటికే దాన్ని మొదటినుంచి చివరిదాకా నాలుగుసార్లు ఆడిన మనిషి. కొన్న వెంటనే వాపసు ఇచ్చేశాడు. ఎందుకయ్యా అంటే, కొనే బటన్ మాట్లాడితే చాలదు, వాపసు బటన్ కూడా మాట్లాడుతుందో లేదో చూడాలి కదా. మాట్లాడింది. డబ్బు వెనక్కి వచ్చింది. మళ్ళీ కొన్నాడు. అయితే ఒక లోపం ఉందని రాశాడు. అంగడిలో ఏ గేము పేజీ తెరిచినా ముందుగా పలికేది ‘మీ డబ్బు వాపసు కావాలా’ అనే బటనేనట, కొను అనేది దానికి ఎంతో కింద ఉందట. చూసేవాళ్ళకు ఇది తెలియదు, వినేవాళ్ళకు మాత్రం అంగడి లోపలికి రాగానే డబ్బు తిరిగి తీసుకుపొమ్మంటోంది, గమనించగలరు అని ముగించాడు.

ఆ నివేదికను అట్లాగే కొత్త అంగడికి పంపాను. బటన్లకు పేర్లు పెట్టుకోవడానికి ఎనిమిది నెలలు పట్టినవాళ్ళు, దీన్ని మాత్రం మర్నాడు పొద్దునకల్లా సరిచేశారు.